స్కూల్ షోలో ట్రిక్కు చూపించి వదిలేయాలా, విప్పి చెప్పాలా?

రామగిరి_రింగులు | నల్లగొండ

అందరికీ నమస్తే. ఫిబ్రవరి 23 దగ్గరికొస్తోంది. 1913లో మెజీషియన్ పి.సి. సర్కార్ పుట్టిన రోజు, దేశంలో మ్యాజిక్ వాళ్లంతా తమ పండగగా చేసుకునే రోజు. ఈసారి మన క్లబ్బు తరఫున దేవరకొండ వైపు ఒక గవర్నమెంటు హైస్కూల్లో షో అనుకున్నాం. ఆరు నుంచి పదో తరగతి వరకు పిల్లలు, గంట టైము. స్టేజీ లేదు, వరండా ముందు గ్రౌండే.

హెడ్‌మాస్టరు గారు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో బాణామతి భయం ఇంకా పోలేదట. చేతిలోంచి విభూతి రాల్చే స్వాములు వచ్చిపోతూనే ఉన్నారట. "ఊరికే చప్పట్లు కొట్టించుకుని పోకండి సార్, ఎట్లా చేస్తారో కూడా మా పిల్లలకు చెప్పండి" అన్నారు.

మొన్న మీటింగులో ఈ మాట చెప్పగానే కొందరు సరే అన్నారు, కొందరు మొహం మాడ్చుకున్నారు. రానివాళ్లు కూడా తేల్చి చెప్పండి. ఎవరు ఏ ఐటెం చేస్తారో రాస్తే లిస్టు వేసుకుంటా.

తంబ్‌టిప్_తాత | సూర్యాపేట

వద్దు.

క్లబ్బులో చేరిన రోజు అందరం ఏం మాట ఇచ్చాం? ప్రాక్టీసు లేకుండా చూపించం. ఒకే జనానికి ఒకే ట్రిక్కు రెండుసార్లు చూపించం. చూపించినాక రహస్యం చెప్పం. హెడ్‌మాస్టరు అడిగాడని మూడోది పక్కన పెడితే మొదటి రెండూ మాత్రం దేనికి?

సైన్సు చెప్పడానికి ఆ బడిలో సైన్సు సార్లున్నారు. మనం పోయేది నోరు తెరిపించడానికి. 1956లో బీబీసీ పనోరమా ప్రోగ్రాంలో సర్కార్ అమ్మాయిని రంపంతో కోసే ఐటెం చేశారు. ఆమెను లేపి చూపించే లోపే టైమైపోయింది, ప్రోగ్రాం ముగించేశారు. చచ్చిపోయిందేమోనని బీబీసీకి ఒకటే ఫోన్లు. తర్వాత లండన్‌లో ఆయన షోలకు జనం ఎగబడ్డారు. ఆ రాత్రే పెట్టె మూత తీసి లోపలి సంగతి చూపించి ఉంటే ఎవరైనా టికెట్ కొనేవాళ్లా?

విప్పి చెప్పిన మరుక్షణం పిల్లగాడి మొహం చూడండి. "ఓస్, గింతేనా" అంటాడు. ఆ "గింతేనా" వినడానికి నేను సూర్యాపేట నుంచి బస్సెక్కి రాను.

మిర్యాలగూడ_మేడమ్ | మిర్యాలగూడ

తాతగారూ, మీరు చెప్పిన ఆ సైన్సు టీచర్లలో నేనూ ఒకదాన్ని. కాబట్టి నాకు మాట్లాడే హక్కు ఉందనుకుంటా.

మా బడిలో పోయినేడు ఎనిమిదో తరగతి అమ్మాయి వారం రోజులు రాలేదు. ఇంటికి వెళ్లి కనుక్కుంటే జ్వరం. ఆస్పత్రికి తీసుకుపోలేదు. ఊళ్లోకి వచ్చిన ఒకాయన నిమ్మకాయ కోస్తే ఎర్రగా రసం కారిందట, "చూశారా, ఎవరో చేయించారు" అన్నాడట. ఇంటి పెద్దమనిషి బంగారం కుదువపెట్టి ఆయనకు డబ్బులిచ్చాడు. ఆ నిమ్మకాయ వెనకాల ఉన్న సంగతి మన క్లబ్బులో అందరికీ తెలుసు. ఆ అమ్మాయికి కూడా తెలిసి ఉంటే ఇంట్లో ఒక్క మాటైనా అనేది.

దిష్టి తీయడానికి మన ఇళ్లలో ఎర్రనీళ్లు కలుపుతాం కదా. పసుపులో సున్నం పడితే ఎరుపు. ప్రతి ముసలమ్మకూ తెలుసు. అదే సంగతి ఒక కాగితానికి ముందే పసుపు పూసి ఆరబెట్టి, సున్నపు తేట చల్లి "రక్తం" అని చూపిస్తే చదువుకున్నవాళ్లు కూడా కాళ్ల మీద పడుతున్నారు. ఇది విప్పి చెబితే ఏ మెజీషియన్‌కు నష్టం?

బి. ప్రేమానంద్ జీవితమంతా చేసింది ఇదే. ఆయన స్వయంగా మెజీషియన్. మన దగ్గర సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్లు ఊరూరా చేసే ప్రదర్శనలూ ఇవే. మనం కొత్తగా తప్పు చేయడం లేదు.

పాలమూరు_పేకముక్క | మహబూబ్‌నగర్

ముందు చిన్న సంగతి. పేరులోనే పేకముక్క ఉన్నా నేను ఆ షోకు ముక్కలు తేను. పోయినసారి జడ్చర్ల దగ్గర ఒక బడిలో ప్యాకెట్ జేబులోంచి తీయగానే వెనకాల నిలబడ్డ ఒక తండ్రి "పొరగాళ్లకు పేకాట నేర్పుతున్నరా?" అని లేచాడు. నేను డబుల్ లిఫ్ట్ (రెండు ముక్కల్ని ఒక్కటే అన్నట్టు ఎత్తడం) చేస్తుంటే అటు టీచర్ల మీద గొడవ. మన ఊళ్లలో ముక్కలంటే తోటలో పేకాట, పోలీసుల రైడు, అంతే. యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్న తమ్ముళ్లకు ఇది అర్థం కాదు, వాళ్ల గురువులు ఉండేది లాస్ వేగాస్‌లో.

బదులుగా అట్టముక్కల మీద హీరోల ఫొటోలు అంటించి సెట్టు చేసుకున్నా. ఫోర్సు (మనకు కావాల్సిన ముక్కే వాళ్లు తీసేలా చేయడం), కంట్రోలు (వాళ్లు తీసిన ముక్కను మనకు కావాల్సిన చోటికి తెచ్చుకోవడం) అన్నీ నడుస్తాయి. ఫారో షఫుల్ మాత్రం రాదు, అట్ట మందం. అసలు పేకలో 52 ముక్కలను సరిగ్గా సగానికి విడగొట్టి ఒకటి విడిచి ఒకటి కలుపుతూ, పైముక్క పైనే ఉండేలా ఎనిమిదిసార్లు చేస్తే మళ్లీ మొదటి వరుసకే వస్తుంది. ఈ లెక్క పదో తరగతి పిల్లలకు చెబితే కళ్లు తిరుగుతాయి. దానికి రహస్యం దాచాల్సిన పనే లేదు, చెప్పినా చేతులు రావాలి.

ఇక అసలు విషయం. నా ఓటు మేడమ్‌కు. కానీ అన్నీ విప్పడం కాదు.

వనపర్తి_వకీలు | వనపర్తి

పేకముక్క అన్నకు: జేబులో ప్యాకెట్ ఉండటం నేరం కాదు. 1974 గేమింగ్ చట్టం పట్టుకునేది పందెం పెట్టి ఆడేవాళ్లను, ఆడించేవాళ్లను. అయినా గొడవెందుకు, హీరోలే మేలు.

మేడమ్‌కు: తాయెత్తులు, మంత్రాలతో రోగం నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధిస్తుంది. పేరులోనే మ్యాజిక్ ఉంది చూడండి. షో చివర టీచర్లకు ఈ ముక్క చెవిన వేస్తే పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. కాషాయం బట్టలు, రుద్రాక్షలు వేసుకుని స్వామిలా నటించొద్దు. ఊళ్లో అది ఎటు తిరుగుతుందో చెప్పలేం. మామూలు చొక్కాతోనే విభూతి తీయండి, ఇంకా బాగా ఎక్కుతుంది.

రామచిలకలు, పాములు గీములు ఎవరూ తేవద్దు. 1972 వన్యప్రాణి చట్టం. పావురాలు, కుందేళ్లు ఆడించాలన్నా 2001 నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ కావాలి.

కొత్తోడు_డిగ్రీ | దేవరకొండ

నమస్తే అన్నలూ. షో మా ఊరి దగ్గరే కాబట్టి కుర్చీలు వేయడానికైనా వస్తా. రెండు ప్రశ్నలు. ఒకటి, తాడు పైకి నిలబెట్టి పిల్లవాడిని ఎక్కించే ఐటెం మన క్లబ్బులో ఎవరికైనా వచ్చా? మా తాత చూశానంటాడు. రెండు, నాణెం చేతిలో దాచడం రోజూ చేస్తున్నా, వేళ్లు కర్రల్లా అయిపోతున్నాయి. ఏ నాణెం వాడాలి?

పాలమూరు_పేకముక్క

తమ్మీ, తాడు సంగతి మీ తాతతో వాదించకు. ప్రపంచమంతా ఆ కథ పాకింది 1890లో చికాగో ట్రిబ్యూన్ అచ్చేసిన వ్యాసంతో. అది కల్పించిందేనని కొన్ని నెలలకు ఆ పత్రికే ఒప్పుకుంది. ఒప్పుకున్న ముక్క మాత్రం ఎవరూ చదవలేదు. దాని పేరు చెప్పుకునే మన దేశం వాళ్లు విదేశాల్లో ఎన్నో ఏళ్లు షోలు అమ్ముకున్నారు, అది వేరే సంగతి.

నాణేనికి పది రూపాయల బిళ్ల పట్టుకో. 27 మిల్లీమీటర్లు, అరచేతిలో బాగా కూర్చుంటుంది. ఇంట్లో పాత అయిదు రూపాయల బిళ్ల, అదే మందంగా బరువుగా ఉండేది, దొరికితే వేళ్ల మొదట్లో దాచడానికి దాన్ని మించింది లేదు. ఇప్పటి కొత్తవి జారుతాయి.

వేళ్లు కర్రలవుతున్నాయంటే నువ్వు దాన్ని నొక్కి పట్టుకుంటున్నావని. బిళ్ల అరచేతిలో పెట్టుకుని ఆ చేత్తోనే బండి తాళం తీయి, ఫోన్ చూడు, చాయ్ గ్లాసు పట్టుకో. అద్దం ముందు చేసేది సగమే ప్రాక్టీసు. చేతిలో బిళ్ల ఉన్న సంగతి నువ్వే మర్చిపోయిన రోజున ఎదుటివాడికీ కనపడదు. ఇంకో మాట. బిళ్ల ఉన్న చేతిని చూడకు. నీ కళ్లు ఎటు పోతే జనం కళ్లు అటే.

తంబ్‌టిప్_తాత

చూశారా, ఇట్లా క్లబ్బు పిల్లలకు చెప్పడం వేరు. వాడు నేర్చుకోవడానికి వచ్చాడు, వేళ్లు నొప్పి పెట్టుకుంటున్నాడు. ఆ నొప్పికి బదులు మనం రహస్యం ఇస్తున్నాం. గ్రౌండులో కూర్చున్న పిల్లలు ఏం ఇచ్చారని?

చండూరు_మగ్గం | చండూరు

చాలా రోజుల తర్వాత రాస్తున్నా. ఈ చర్చలో నాకొకటి అడగాలని ఉంది. రహస్యం మనదా?

మేం పద్మశాలీలం. సాధనాశూరులు అని మా కులాన్ని ఆశ్రయించుకుని బతికిన కళాకారులున్నారు. కనికట్టు వాళ్ల విద్య. మార్కండేయ పురాణం పటం విప్పి చెప్పే కూనపులి వాళ్లు ఎట్లాగో, వీళ్లూ అట్లాగే మా శాలోళ్ల వాడలకు వచ్చి ఆడి, మా దగ్గర సంభావన పుచ్చుకునేవాళ్లు. బ్రాహ్మణులకు విప్రవినోదులు ఉన్నట్టు మాకు వీళ్లు. స్టేజీ లేదు, తెర లేదు, లైట్లు లేవు. వాకిట్లో, పట్టపగలు, చుట్టూ జనం.

చుట్టూ అంటే నిజంగా చుట్టూ. మనం క్లబ్బులో "ఆ కోణంలోంచి కనపడుతుంది, ఎడమ పక్క కుర్చీలు తీసేయండి" అంటుంటాం కదా. వాళ్లకు ఆ అవకాశమే లేదు. వెనకాల గోడెక్కి కూర్చున్న పిల్లగాడు కూడా ప్రేక్షకుడే. మా నాయన మగ్గం గుంతలోంచి లేచి వెళ్లి చూసేవాడట, ఎన్నిసార్లు చూసినా పట్టుకోలేకపోయానని ఇప్పటికీ అంటాడు.

ఇప్పుడు మగ్గాలే తగ్గిపోయాయి, వాళ్లు వచ్చేది ఇంకా తగ్గింది. ఆ ఇళ్లలో పిల్లలు కొందరైనా ఈ విద్య పట్టుకుని ఉన్నారు. మనలో ఒకరు బ్యాంకు, ఒకరు బడి, ఒకరు కోర్టు. నెల కాగానే జీతమో ఫీజో వస్తుంది. ఆదివారం సరదాకు మ్యాజిక్ చేసే మనం, దాని మీద అన్నం తినేవాడి గుట్టు బడిపిల్లల ముందు విప్పి "సైన్సు ప్రచారం" అంటే నాకు మింగుడు పడటం లేదు. చెంబుల కింద బంతులు మాయం చేసే చెంబులు–బంతులు మనం కనిపెట్టామా? ఇసుక నీళ్లలో వేసి పొడిగా తీయడం మనం కనిపెట్టామా?

స్వామి విభూతి విప్పండి. నేను ముందుంటా. గారడీ అన్న బంతులు మాత్రం వద్దు.

జాతర_డేరా | నార్కట్‌పల్లి

మగ్గం అన్న నా నోట్లో మాట లాక్కున్నాడు.

చెరువుగట్టు జాతరలో మా మామ డేరా నడిపిన రోజుల్లో నేను టికెట్ చించేవాడిని. తల మాత్రమే ఉన్న అమ్మాయి ఐటెం. బల్ల మీద పళ్లెం, పళ్లెంలో తల, అది మాట్లాడుతుంది, పేరు అడిగితే చెబుతుంది. 1865లో లండన్‌లో స్టోడేర్ అనే ఆయన స్ఫింక్స్ పేరుతో చూపించిన ఐటెమే అది. అది ఎట్లా ప్రయాణం చేసి పెద్దగట్టు, కురుమూర్తి జాతరల దాకా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

ఎట్లా చేస్తారో చెప్పను. కానీ కష్టం ఎక్కడో చెబుతా. జాతరలో దుమ్ము. పొద్దున్నుంచి రాత్రి దాకా ప్రతి ఆటకూ మధ్య మామ లోపలికి దూరి తుడుస్తూనే ఉండేవాడు. ఒక్క వేలిముద్ర పడినా ఆట పోయినట్టే. జనాన్ని ఆపే తాడు ఒక అడుగు ముందుకు జరిగినా పోయినట్టే. లోపల అమ్మాయి మెడ నొప్పి, చెమట, దోమలు. బయట నేను "రండి బాబూ రండి" అని గొంతు చించుకోవడం. ఒకసారి డిగ్రీ కుర్రాళ్లు ఇద్దరు చూసి బయటికొచ్చి క్యూ ముందు నిలబడి మొత్తం విప్పి చెప్పారు. ఆ సాయంత్రం క్యూ సగం చెదిరిపోయింది. వాళ్లకు వచ్చింది ఏంటి? పది మందిలో తెలివైనవాళ్లమన్న పేరు. ఆ ముచ్చట కోసం మాకు పూట గడవలేదు.

మిర్యాలగూడ_మేడమ్

మగ్గం గారూ, డేరా గారూ, మీ మాట ఒప్పుకుంటున్నా. బతుకుదెరువు గుట్టు వేరు, మోసం గుట్టు వేరు. నేను అడిగేది రెండోదే.

అయితే "చెబితే విలువ పోతుంది" అన్న తాతగారి మాట దగ్గర మాత్రం ఆగను. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కుందూరు చోడుల కాలం గుడి, ఇంత మందిమి నల్లగొండ వాళ్లమున్నాం, చూడనివాళ్లు లేరు. గర్భగుడిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా లింగం వెనక నీడ నిలబడే ఉంటుంది. సూర్యుడు కదులుతాడు, నీడ కదలదు. నేరుగా పడే ఎండ కాదు, బయటి నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుగును స్తంభాలు అడ్డుకోవడం వల్ల పడే నీడ అది. అందుకే ఎండతో పాటు తిరగదు. ఈ వివరణ పేపర్లలో వచ్చింది, అక్కడ ఎవరినడిగినా చెబుతారు. జనం తగ్గారా? నేను పిల్లల్ని తీసుకెళ్లి మొదట చూపించి, తర్వాత చెబుతాను. చెప్పినాక మళ్లీ లోపలికి పరుగెత్తి ఇంకోసారి చూసొస్తారు.

తంబ్‌టిప్_తాత

గుడికి రేపు వేరే ఊళ్లో షో లేదు మేడమ్.

మిర్యాలగూడ_మేడమ్

ఆ జవాబుకు నవ్వొచ్చింది, ఒప్పుకుంటా.

సరే, మనం చెప్పాల్సినవి ఏవో పేర్లు పెట్టి అనుకుందాం. విభూతి: బూడిదను గంజితో ఉండ కట్టి ఆరబెట్టి, బొటనవేలి మొదట్లో దాచి, నలిపితే రాలుతుంది. పసుపు–సున్నం రక్తం. ఎంత వంచినా తరగని తీర్థం చెంబు కూడా చెప్పొచ్చు. రెండు గోడల చెంబు, అంచు దగ్గర గాలి రంధ్రం, బొటనవేలు తీస్తే లోపలికి నీళ్లు...

తంబ్‌టిప్_తాత

మేడమ్! ఇక్కడే విప్పేశారు! అది స్వాముల చెంబు కాదు, మన చెంబు. వాటర్ ఆఫ్ ఇండియా. పెద్ద పెద్ద స్టేజీ వాళ్లు ఇప్పటికీ ఆటకూ ఆటకూ మధ్య ఆ చెంబు వంచి చప్పట్లు కొట్టించుకుంటారు. నా చెంబు హైదరాబాద్‌లో ఇత్తడిది ప్రత్యేకంగా చేయించుకున్నా.

మిర్యాలగూడ_మేడమ్

గాలి పోకుండా మూస్తే నీళ్లు దిగవు. స్ట్రా పైన వేలు పెట్టి కూల్‌డ్రింక్ లేపే ప్రతి పిల్లవాడికీ తెలిసిందే తాతగారూ. కానీ సరే, చెంబు లిస్టులోంచి తీసేశా. మీరే చేయండి దాన్ని, విప్పకుండా.

రామగిరి_రింగులు

మంటల సంగతి ఎవరూ ఎత్తలేదు. మంత్రం చదివితే హోమగుండం దానంతట అదే అంటుకోవడం, నీళ్లు చల్లితే కొబ్బరికాయ అంటుకోవడం. స్వాముల ఐటెమ్స్‌లో జనం అన్నిటికన్నా భయపడేవి అవే. పెడదామా?

మిర్యాలగూడ_మేడమ్

కొబ్బరికాయ అస్సలు వద్దు. పీచులో దాచేది సోడియం, ఆ వయసు పిల్లల ముందు దాని పేరు కూడా ఎత్తొద్దు. పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పడితే మంట వస్తుంది, నిజమే, కానీ ఎప్పుడు వస్తుందో మన చేతిలో ఉండదు. పొడి ఎంత మెత్తగా ఉంది, ఆ రోజు ఎంత చలి ఉంది అనేదాన్ని బట్టి ఆలస్యమవుతుంది. రాలేదేమోనని వంగి చూసినప్పుడే గుప్పుమంటుంది. రెండూ మెడికల్ షాపులో దొరికేవే కాబట్టి సాయంత్రానికి పిల్లలు ఇంటి వెనకాల చేసి చూస్తారు. మాటల్లో "ఇది రసాయనం, మంత్రం కాదు" అని చెప్పి వదిలేద్దాం. వివరం టీచర్లకు విడిగా చెబుతా.

గద్వాల_అమ్మ | గద్వాల

నేను మెంబర్ని కాదు, మీ చర్చ చదువుతున్నా. మా పాప ఏడో తరగతి. తాడు కోసి అతికించడం, ఒకదాంట్లో ఒకటి దూరే రింగులు లాంటివి ఫోన్లో చూసి నేర్చుకుంటోంది. క్లబ్బులో ఆడపిల్లలను చేర్చుకుంటారా? మీ మీటింగులో ఏం జరుగుతుంది? అంత దూరం పంపాలంటే కొంచెం టెన్షన్‌గా ఉంది.

రామగిరి_రింగులు

తప్పకుండా తీసుకురండి అమ్మా. పిల్లలైతే ఎవరో ఒక పెద్దవాళ్లు వెంట ఉండాలి, అదొక్కటే నిబంధన. నెలకోసారి ఆదివారం పూట ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీద కూర్చుంటాం. ఒక నెల నల్లగొండ, ఒక నెల మహబూబ్‌నగర్. గద్వాల నుంచి రైల్లో మహబూబ్‌నగర్ రావడం మీకు సులువు.

మొదట ఒక్కొక్కరు ఒక్క ఐటెం చేస్తారు. తర్వాత దాని పోస్ట్‌మార్టం. ఎక్కడ చెయ్యి కనపడింది, ఎక్కడ మాట తడబడింది, ఎక్కడ అనవసరంగా "నా చేతిలో ఏమీ లేదు" అన్నారు. ఎవరూ అడగకముందే ఏమీ లేదంటే ఏదో ఉందని అర్థం కదా. ఇక్కడ మొహమాటం లేదు, పెద్దాయన ఐటెం అయినా చీల్చి చెండాడతారు. ఆ తర్వాత సామాన్లు చేసుకోవడం: ఫ్లెక్సీ ముక్కలు, పీవీసీ పైపులు, అగరుబత్తి డబ్బాలు. దుకాణంలో వేలు పోసి కొనే డబ్బాల కన్నా ఇవే ఎక్కువ కాలం వస్తాయి. ఆఖర్న తెలుగులో మాటలు రాసుకోవడం. "పిక్ ఎ కార్డ్" అని మొదలుపెట్టే కుర్రాళ్లను ఆపడానికే మాకు ఒక గంట పడుతుంది.

మిర్యాలగూడ_మేడమ్

గద్వాల అమ్మగారూ, పాపకు నా తరఫున ఒక చిట్కా. మ్యాజిక్ పుస్తకాలన్నీ కోటు వేసుకున్న మగవాళ్ల కోసం రాసినవి. "కుడి జేబులోకి జారవిడవండి" అంటాయి. మన డ్రెస్సులకు జేబులేవి? టైలర్‌తో చెప్పి చుడీదార్ పక్క కుట్టులో రెండు వైపులా లోతు జేబులు పెట్టించండి, నోరు కొంచెం వెడల్పుగా, లోపల మందం గుడ్డతో, నాణెం శబ్దం రాకుండా. ఇక చున్నీ. అది కోటు కన్నా మేలు. సర్దుకుంటున్నట్టు చెయ్యి భుజం దాకా పోతే ఎవరూ అనుమానపడరు. నేను రుమాలు మాయం చేసేది అంతా చున్నీ మీదే నడుస్తుంది.

తంబ్‌టిప్_తాత

ఇది కూడా బయటివాళ్ల ముందే చెప్పారు. సరే, పాప కోసం కాబట్టి ఊరుకుంటున్నా. పాపను రమ్మనండి అమ్మా, రింగులు నేను నేర్పుతా.

జాతర_డేరా

గ్రౌండు గురించి రెండు మాటలు, నేను ఇప్పటికే వెళ్లి చూసొచ్చా. వరండా తూర్పు ముఖం. పొద్దున షో పెట్టి మనం వరండా వైపు నిలబడితే ఎండ నేరుగా మన మీద పడుతుంది. సన్న దారం వాడే ఐటెమ్స్ అన్నీ మర్చిపోండి, ఎండలో తీగలా మెరుస్తుంది. మధ్యాహ్నం మూడు దాటాక పెడితే వరండా నీడ గ్రౌండు మీదికి వస్తుంది, పిల్లలు కూడా నీడలో కూర్చుంటారు.

రెండోది, పిల్లలు కింద కూర్చుంటారు. కింది నుంచి పైకి చూస్తారు. హాల్లో కుర్చీల మీద కూర్చున్నవాళ్లకు కనపడని అరచెయ్యి వీళ్లకు కనపడుతుంది. చేతులు ఛాతీ దగ్గర కాదు, నడుము దగ్గర ఉంచండి. లేదా పిల్లల్నే వరండా మెట్ల మీద కూర్చోబెట్టి మనం గ్రౌండులో నిలబడాలి. నాకు రెండోదే నయమనిపిస్తోంది, కానీ అప్పుడు మన వెనకాల కాంపౌండు గోడ. ఊళ్లో జనం ఆ గోడెక్కుతారు. మగ్గం అన్న చెప్పిన చుట్టూ జనం అక్కడ మొదలవుతుంది.

గాలి కూడా ఉంది. పట్టు రుమాళ్ల వాళ్లు చూసుకోండి.

చండూరు_మగ్గం

గోడ మీద జనం ఉంటే ఇంకా మంచిది. విభూతి సంగతి వినాల్సింది పిల్లల కన్నా వాళ్లే.

ఇంకొకటి. ఒక సాధనాశూరుల కుటుంబం నాకు పరిచయం. షోకు పిలుద్దామా? ఊరికే కాదు, డబ్బులిచ్చి. క్లబ్బు చందాలోంచి కొంత, మిగతాది నేను వేసుకుంటా. మనం చేసే మొదటి అరగంటలో పావుగంట వాళ్లకు ఇద్దాం. విప్పే అరగంట మొదలయ్యే ముందే వాళ్ల ఆట అయిపోవాలి, వాళ్ల ఐటెమ్స్ జోలికి ఎవరూ పోకూడదు.

పాలమూరు_పేకముక్క

నేనూ వేస్తా. వాళ్ల చేతులు దగ్గర్నుంచి చూసే అవకాశం నాకు మళ్లీ రాదు.

వనపర్తి_వకీలు

నేను కూడా. బస్సు చార్జీలు, భోజనం విడిగా లెక్క కట్టండి, సంభావనలో కలపొద్దు.

రామగిరి_రింగులు

అయితే ఇదీ లిస్టు. మొదటి అరగంట ఏమీ విప్పం. తాతగారు రింగులు, చెంబు. పేకముక్క హీరోల ముక్కలు. తర్వాత మగ్గం గారు పిలిచే వాళ్ల ఆట. రెండో అరగంట మేడమ్, నేను: విభూతి, పసుపు–సున్నం, ఎర్ర నిమ్మకాయ. ముందు చేసి చూపించి, తర్వాత పిల్లల్నే పిలిచి చేయిస్తాం. మంటలు లేవు. కాషాయం లేదు. కొత్తోడు మైకు, కుర్చీలు. డేరా గారు మెట్లు, గోడ చూసుకుంటారు. షో మూడున్నరకు. హెడ్‌మాస్టరు గారితో మాట్లాడా, సరేనన్నారు.

తాతగారూ, మీరు ఒప్పుకున్నట్టేనా?

తంబ్‌టిప్_తాత

ఒప్పుకోలేదు. రింగులు తెస్తా, చెంబు తెస్తా. మీ రెండో అరగంట మొదలు కాగానే నేను గేటు బయట చాయ్ తాగుతా.

కొత్తోడు_డిగ్రీ

తాతా, చాయ్ హోటల్ సరిగ్గా కాంపౌండు గోడ పక్కనే. అక్కడి నుంచి అంతా కనపడుతుంది.

తంబ్‌టిప్_తాత

వీపు అటు పెట్టి కూర్చుంటా. మైకు సౌండ్ తగ్గించమను.